రాజావారి కొలనులో గుర్తుపుల్లలు

తోట అనగానే ఎవరికైనా పూలో నీడో గుర్తుకొస్తాయి. నాకు కాళ్ళనొప్పులు గుర్తుకొస్తాయి. ఏలూరులో కోట పక్కనున్న రాజావారి తోటకు ఒక ఏడాది దాదాపు రోజూ వెళ్ళాను కానీ, ఒక్కనాడైనా హాయిగా కూర్చున్నానని చెప్పలేను. ముచ్చటపడి వెళ్ళింది కాదు. తీసుకెళ్ళక తప్పదు గనక వెళ్ళాను.

ముప్పైల నాటి మాట ఇది. ఆ తోట అప్పటికే పాతది. రాజావారి ముత్తాతల కాలంలో వేయించారనేవారు. కోట ప్రహరీని ఆనుకుని ఇనుప చువ్వల కంచె, గేటుకు రెండు పక్కలా సింహాలు, లోపల ఎర్రకంకర దారులు, ఎక్కడెక్కడి నుంచో తెప్పించిన క్రోటను మొక్కలు, ముక్కులు విరిగిన పాలరాతి బొమ్మలు. అన్నిటికీ నడుమ కొలను. దానికి మూడు వైపులా రాతిమెట్లు, నాలుగోవైపు ఏటవాలు మట్టిగట్టు. నీళ్ళలో ఒక రాతి ఏనుగు తొండం ఎత్తి నిలబడి ఉండేది. ఒకప్పుడు ఆ తొండంలోంచి నీళ్ళు చిమ్మేవట. నేను వెళ్ళిన రోజుల్లో మాత్రం దానిమీద కాకులు వాలేవి.

సాయంత్రం బడులు విడిచిపెట్టే వేళకు జనాన్ని లోపలికి రానిచ్చి, దీపాల వేళకు గంట కొట్టి పంపించేవారు. పూలు కోయకూడదు, పచ్చికలో చెప్పులతో నడవకూడదు, కొలనులో కాళ్ళు పెట్టకూడదు. వీటన్నిటికీ మించిన కట్టుబాటు ఒకటి ఉండేది. కోటలోని ఆడవాళ్ళు ఘోషా పాటించేవారు. వాళ్ళ కారు తోటలోంచి పోయేటప్పుడు తోటమాలి ముందుగా ఈల వేసేవాడు. ఈల వినబడగానే తోటలోని మగవాళ్ళందరూ లేచి కంచెవైపు మొహం తిప్పి నిలబడాలి. ప్లీడర్లూ, గుమస్తాలూ, జట్కావాళ్ళూ అందరూ ఒకే తీరున మాకు వీపులు చూపించి నిలబడేవారు. కారు దాటిపోయాక రెండో ఈల వేస్తేగాని తిరగకూడదు. కారు కిటికీలకు ఎలాగూ తెరలుండేవి. ఇక ఈ వీపులెందుకో నాకు అర్థమయ్యేది కాదు. మా అత్తగారు మాత్రం మొదటిసారి చూసి పడీపడీ నవ్వారు. మా ఇంటికి వచ్చాక ఆవిడ నవ్వగా చూడటం నాకదే మొదలు.

నేనప్పుడు మిషను ఆడపిల్లల బడిలో పంతులమ్మను. మావారు తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు గుమస్తా. శనివారం సాయంత్రం బండికి వచ్చి, ఆదివారం ఆరాధన అయ్యాక భోంచేసి, మళ్ళీ బండెక్కేవారు. మిగతా రోజులన్నీ నావే. తెల్లవారకముందే లేచి కాలవ నుంచి నీళ్ళు తెచ్చుకుని, వండి, బడికి పోయి, సాయంత్రం దాకా పిల్లల గోలలో గొంతు చించుకుని ఇంటికి వచ్చేసరికి ఒళ్ళు హూనమైపోయేది. గడపమీద కాసేపు కూలబడదామనుకుంటే, అప్పటికే అత్తగారు చేతికర్ర పట్టుకుని, తల దువ్వుకుని, వాకిట్లో తయారుగా ఉండేవారు.

"వచ్చేసేవా అమ్మాయ్? పోదారి పద. పొద్దుగూకిపోద్ది."

ఆవిడది కొల్లేటి లంకలో చిన్న పల్లె. ఆ ఏడు వానాకాలంలో కొల్లేరు ఊళ్ళమీదికి వచ్చింది. ఇంటి మట్టిగోడలు కరిగి నీళ్ళలో కలిసిపోయాయి. మావారు దోనె కట్టించుకుని వెళ్ళి, తల్లినీ ఒక రేకుపెట్టెనూ తీసుకొచ్చారు. వచ్చేసరికే ఆవిడకు జ్వరం, మోకాళ్ళ దాకా వాపు. మిషను ఆసుపత్రి డాక్టరమ్మగారు చూసి, ఇక జన్మలో నీళ్ళలోగాని బురదలోగాని కాళ్ళు పెట్టకూడదన్నారు. రోజూ సాయంత్రం చల్లగాలిలో మెల్లగా నడిపించమన్నారు. ఈ రెండో మాట డాక్టరమ్మగారు నాకు చెప్పారు, మావారికి కాదు. మందుసీసా కూడా నా చేతికే ఇచ్చారు.

మా వీధిలో చల్లగాలి ఎక్కడిది? ఇటు మురుగు కాలవ, అటు తోళ్ళు ఆరవేసిన కొట్లు. అందుకని కోటతోటే గతి అయింది.

అత్తగారికి ఆ తోట మొదట్లో బొత్తిగా నచ్చలేదు. ఎర్రకంకర మీద కర్ర పొడుచుకుంటూ, ఇటొక చెట్టూ అటొక చెట్టూ చూసి మూతి విరిచేవారు.

"ఇంత నేలేంటమ్మాయ్, తింటానికి ఒక్క కాయ లేదు! ఆకులకి రంగులుంటే ఏం చేసుకుంటారు, పప్పులో వేసుకుంటారా?"

"ఇది చూడటానికండి అత్తయ్యగారూ."

"చూసేం కదా. ఇంటికి పోదారా మరి?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఇంటినుంచి అక్కడిదాకా నడిపించుకొచ్చింది నేను. వెంటనే తిప్పితే మళ్ళీ నడవాల్సింది నేను. అందుకని కొలను గట్టున సిమెంటు బల్లమీద కూర్చోబెట్టేదాన్ని. ఆ కొలనే ఆవిణ్ణి పట్టి నిలిపింది.

రెండు మూడు రోజులు నీళ్ళవంక ఊరికే చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఒకనాడు చెట్టు కింద రాలిన ఎండుపుల్ల ఒకటి ఏరి, మట్టిగట్టు వైపు పోయి, వంగి, సరిగ్గా నీళ్ళ అంచున గుచ్చి వచ్చి కూర్చున్నారు. మర్నాడు వెళ్ళగానే నేరుగా ఆ పుల్ల దగ్గరికే నడిచారు. దాన్నీ నీళ్ళనూ చూసుకుని, ఇంకో పుల్ల గుచ్చారు. అలా రోజుకో పుల్ల.

కొల్లేటి ఊళ్ళలో వరదప్పుడు ఇంటింటా చేసేదే ఇది. నీళ్ళంచున పుల్ల గుచ్చి, మళ్ళీ వచ్చి చూస్తారు. పుల్ల నీళ్ళలోకి పోతే కొల్లేరు పొంగుతున్నట్టు, పొడినేలమీద మిగిలితే తీస్తున్నట్టు. నేను కాపురానికి వెళ్ళిన కొత్తలో చూశాను, ముసలివాళ్ళు పుల్ల చూసి వచ్చి గాని గంజి ముట్టేవాళ్ళు కాదు. ఆవిడకు అదొక అలవాటు, చేతులు ఊరుకోవడం లేదనుకున్నాను. సంగతి అది కాదని ఆ శనివారం మావారు వచ్చినప్పుడు తెలిసింది.

అత్తగారికి కొల్లేటి అంచున ఒక చెక్క నేల ఉండేది. దానికి పట్టా లేదు, కాగితం లేదు. అక్కడ చాలామందికి అంతే. ఏటా నీటి కింద మునిగి గట్లు కరిగిపోయే నేలకు కాగితం ఎవరిస్తారు? నీరు తీశాక ఊరిపెద్దలు ఒక రోజు చాటించి, తాడు పట్టుకుని బయలుదేరేవారు. ఆ రోజు ఎవరి చెక్కలో వాళ్ళు బురదలో దిగి నిలబడాలి. నిలబడిన మనిషిని చూసి అటొక గట్టూ ఇటొక గట్టూ వేసేవారు. మనిషి లేని చెక్కను ఇటువాళ్ళూ అటువాళ్ళూ కలుపుకునేవారు. దానికి తగవు లేదు, తీర్పు లేదు. మామగారు పోయిన దగ్గర్నుంచి ఏటేటా అత్తగారే చీర ఎగదోపుకుని దిగి నిలబడేవారు.

"నేనెళ్ళి నిలబడకపోతే ఈ ఏటితో సరి," అన్నారు కొడుకుతో. "నీరు తీసీటప్పటికి నేనక్కడుండాల."

"నీ కాళ్ళు చూసుకున్నావా అమ్మా? డాక్టరమ్మగారు ఏం చెప్పారు? ఆ చెక్కెంత, దానిమీద వచ్చే గింజలెన్ని? హాయిగా ఇక్కడే ఉండు."

"మీ నాన్నతో పాటు నేను నిలబడిన నేలరా అది. గింజల మాట నేనెత్తేనా?"

ఆయన ఆదివారం బండికి వెళ్ళిపోతూ నాతో మాత్రం, "ఎలాగోలా నచ్చజెప్పు," అన్నారు. నచ్చజెప్పడం కూడా నా పనుల్లో చేరింది.

పుల్లల సంగతి తోటమాలి కంట పడకుండా ఎన్నాళ్ళుంటుంది? అతనికి తోటలోని ఆకు రాలినా తన పరువే రాలినంత బాధ. ఒక సాయంత్రం తలపాగా సర్దుకుంటూ వచ్చాడు.

"ఏవండీ పంతులమ్మగారూ, మీరు చదువుకున్నవారు. ప్రభువులవారి కొలనులో పుల్లలు గుచ్చొచ్చాండీ?"

నాకు సిగ్గుతో మొహం ఎర్రబడింది. అత్తగారు ఏమీ పట్టించుకోలేదు. "బాబూ, ఈ నీళ్ళెక్కణ్ణుంచొస్తన్నాయి?" అని అడిగారు.

రాజావారి వైభవం గురించి అడిగితే అతను దేనికైనా జవాబిచ్చేవాడు. "తమ్మిలేటి పాయలోంచి కాలవ తవ్వించారండి, పెద్ద ప్రభువులు. ఎక్కువైన నీళ్ళు అదుగో, ఆ తూములోంచి బయటికి పోతాయండి. ఎక్కడో పోయి కొల్లేట్లో పడతాయండి."

అత్తగారు నావైపు తిరిగి చూసిన చూపు నాకింకా గుర్తే. ఊరి మనిషి ఎదురుపడినట్టు మొహం విప్పారింది. ఆ తర్వాత తోటమాలి ఎంత గొణిగినా ఆవిడకు వినబడలేదు. ముసలావిడతో ఏం పెట్టుకుంటాంలే అనుకున్నాడేమో, అతనూ చూసీచూడనట్టు ఊరుకున్నాడు.

"ఒకటే నీరమ్మాయ్ ఇది," అన్నారు దారిలో. "కొల్లేరు నిండుగా ఉందనుకో, ఈ నీళ్ళెటు పోతాయి? ఎనక్కి తంతాయి. కొల్లేరు తీసిందనుకో, ఇక్కడా తీస్తాయి."

బడిలో భూగోళం చెప్పేదాన్ని, నాకూ సబబుగానే తోచింది. పైగా నీళ్ళు నిజంగానే తీస్తూ వచ్చాయి. చలి ముదిరిన కొద్దీ ఆవిడ పుల్లలు గట్టుమీద ఒకదాని కింద ఒకటిగా, లోపలికి దిగుతూ వరసగా నిలబడ్డాయి. రాతి ఏనుగు పొట్ట బయటపడింది. ఏనుగు మోకాళ్ళు కనబడితే తన చెక్క తేలినట్టేనని ఆవిడ లెక్కగట్టుకున్నారు. ఎలా కట్టారో నన్నడగవద్దు. ఇన్నేళ్ళు ఆ నీళ్ళను చూసిన మనిషి, తెలియకుండా అంటారా అనుకున్నాను.

క్రిస్మసుకు ఆవిడ ఊరి మనిషి ఒకావిడ వచ్చింది. అత్తగారి చెక్కకు పక్క చెక్క ఆమెది. చిన్నప్పటి నుంచీ ఒకరికొకరు. గంపలో బాతుగుడ్లు తెచ్చింది. వెళ్ళేటప్పుడు అత్తగారి చేతులు పట్టుకుని, "నీరు తియ్యగానే కబురు చేత్తాను అక్కా, మా వోణ్ణి పంపుతాను," అంది.

"ఎందుకే పిల్లోణ్ణి తిప్పటం? నీళ్ళే చెబుతాయిలే నాకు. ఆ నీళ్ళలో సగం ఇక్కడే ఉన్నాయి," అని నవ్వేశారు అత్తగారు.

ఆమెకు అర్థం కాలేదు. అయినా సరేనని తల ఊపి వెళ్ళింది. కొల్లేటివాళ్ళకు నీళ్ళ సంగతి ఇంకొకరు చెబుతానంటే కాస్త చిన్నతనం. ఇదే మాట నేను అని ఉంటే ఆ మనిషి కబురు పంపి ఉండేది. అత్తగారు అన్నారు గనక పంపలేదు.

సంక్రాంతి వెళ్ళాక అత్తగారిలో హుషారు వచ్చింది. రేకుపెట్టె దించి, చీరలు మడతపెట్టి, కొడవలి నూరించి పెట్టుకున్నారు. వాపు తగ్గలేదు. నడక మాత్రం పెరిగింది. నేను వెనకబడేదాన్ని. బడి నుంచి వచ్చి, ఆవిడ వెనక ఆ కంకర దారిలో ఈడ్చుకుంటూ నడుస్తుంటే, ఈవిడ వెళ్తే నాకు సాయంత్రం పూట నడుం వాల్చే యోగం పడుతుంది గదా అనిపించేది. ఆ వెంటనే ఆ కాళ్ళు చూసి భయం వేసేది. బురదలో దిగితే ఆవిడ మళ్ళీ లేవరని నాకు నమ్మకం. దిగకపోతే మాత్రం లేస్తారా అన్నది ఇంకో దిగులు. ఎటూ తేల్చుకోలేక అలిసిపోయేదాన్ని. నడక కన్నా ఆ ఆలోచనతోనే ఎక్కువ అలిసేదాన్ని.

ఏనుగు మోకాళ్ళకు ఇంకాస్త ఉందనగా కోటలో పెళ్ళి వచ్చింది. తోటకు సున్నాలు వేయాలనీ పందిళ్ళు వేయాలనీ జనాన్ని రానివ్వడం మానేశారు. అదే వారం, మాఘమాసంలో ఎన్నడూ లేనిది, ముసురు పట్టింది. రెండు రోజులు ఎడతెగని వాన. అత్తగారు చూరు కింద కూర్చుని ఆకాశాన్ని తిట్టారు. పెళ్ళి మేళాలు మా వీధి దాకా వినబడుతుంటే వాటినీ తిట్టారు.

తోట తెరిచిన రోజు ఆవిడ నాకన్నా ముందు గేటు దాటిపోయారు. నేను వెళ్ళేసరికి మట్టిగట్టు మీద నిలబడిపోయి ఉన్నారు. కొలను నిండుగా ఉంది. మెట్లు చాలా వరకు మునిగిపోయాయి. ఏనుగు మెడ దాకా నీళ్ళు. ఇన్నాళ్ళు గుచ్చిన పుల్లల్లో ఒక్కటీ కనబడటం లేదు.

"మళ్ళీ వచ్చేసిందమ్మాయ్ కొల్లేరు," అన్నారు. గొంతులో ఏడుపు లేదు. ఏడుపే ఉంటే బాగుండునని నాకనిపించింది.

"వాన పడింది కదండీ. మళ్ళీ తీస్తుంది లెండి."

"ఇప్పుడు పొంగితే మరి ఎండల దాకా తియ్యదు. ఈ ఏడు నేల తేలదు. నాకే కాదులే, ఎవరికీ తేలదు."

ఆ చివరి మాటతో తనను తాను ఓదార్చుకున్నారు. నేనూ నమ్మాను. ఇంటికి వచ్చాక ఆవిడ పెట్టెలోంచి చీరలు తీసి దండెం మీద వేశారు. కొడవలి చూరులో దోపారు. ఆ ఆదివారం మావారు ఎంత సంతోషించారో! తల్లి దగ్గర కూర్చుని, "అలా అన్నావు బాగుంది," అని మిఠాయి తినిపించారు. ఆవిడ తిన్నారు కూడా. సాయంత్రాలు మళ్ళీ తోటకు వెళ్ళాం. ఆవిడ బల్లమీద కూర్చునేవారు గాని పుల్ల గుచ్చలేదు. కొలనులో నీళ్ళు నాలుగు వేళ్ళయినా తగ్గలేదు. అలా కొన్ని వారాలు గడిచిపోయాయి.

ఒక సాయంత్రం తోటమాలి మా బల్ల దగ్గర ఆగాడు. అతనికి పెళ్ళి ముచ్చట్లు ఇంకా తీరలేదు. ఎవరు దొరికినా చెబుతూనే ఉన్నాడు.

"మీరు చూసుండాల్సిందండి. పెళ్ళికొడుకుగారినీ పెళ్ళికూతుర్నీ హంసపడవలో ఎక్కించి కొలనులో తిప్పారండి! పడవ ఆడాలంటే నీళ్ళు చాల్లేదండి. తూము కట్టించేసి, కాలవ ఒదిలేసి, రాత్రికి రాత్రే నిండా పెట్టించానండి. ఇంకా తూము తియ్యలేదండి, చుట్టాలున్నారని."

అతను అంటూనే ఉన్నాడు. నేను అత్తగారి మొహం చూశాను. ఆవిడ కొలను చూస్తున్నారు, ఏనుగును చూస్తున్నారు.

"వాన నీళ్ళు కావా ఇవి?" అన్నారు నెమ్మదిగా.

"వానకేం నిండుతుందండి ఇది! మేం పెట్టిన నీళ్ళండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరిమీదో చెప్పలేను. తోటమాలి మీదా? అతనికేం తెలుసు. రాజావారి మీదా? ఆయన తన ఇంటి పెళ్ళికి తన కొలను నింపుకున్నారు. ముసలావిడ ఒకతె పుల్ల పట్టుకుని అక్కడ కాచుకుని ఉందని ఆయనకెవరు చెబుతారు? అందర్నీ కలిపి తిట్టాలనిపించి, ఎవర్నీ తిట్టలేక, "కంచె దగ్గరకు పోయి మొహం తిప్పుకు నిలబడండి, పోండి," అన్నాను. అతను తెల్లబోయి చూశాడు. అత్తగారు అప్పటికే కర్ర ఊతగా లేచి నిలబడ్డారు.

"పద అమ్మాయ్."

మర్నాడు బడికి సెలవు చెప్పి నేనే తీసుకెళ్ళాను. మిల్లులో ధాన్యం వచ్చే రోజులు, మావారికి కబురందినా రాలేరు. జట్కాలో కాలవ దాకా, అక్కణ్ణుంచి దోనెలో. దోనెవాణ్ణి నీరెలా ఉందని అడగబోతే అత్తగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. అడగనక్కర్లేకపోయింది. పోనుపోను రెండువైపులా నేల బయటపడి ఉంది. గట్లు వేసి ఉన్నాయి. నాట్లు పడి, పైరు తిప్పుకుని పచ్చగా ఉంది. వానకు పొంగింది లేదు, ఏమీ లేదు. కొల్లేరు దాని మానాన అది తీసింది.

అత్తగారి చెక్క ఎక్కడుందో నేను పోల్చుకోలేకపోయాను. ఆవిడ పోల్చుకున్నారు. చేత్తో చూపించారు. అక్కడ ఉండవలసిన రెండు గట్లలో ఒక్కటే ఉంది, నడిమధ్యన.

క్రిస్మసుకు వచ్చిన ఆవిడ మమ్మల్ని చూసి గబగబా ఎదురొచ్చింది. సగం చెక్క కలుపుకున్నది ఆమే. తల పైకెత్తలేదు.

"చాటింపు వేసినప్పుడు నీకోసం చూశాం అక్కా. నీళ్ళే చెబుతాయి, కబురొద్దని నువ్వే అన్నావు గదా. కాళ్ళు బాగోలేక రాలేదేమో, కొడుకు దగ్గరే ఉండిపోతావేమో అనుకున్నాం. మేం కలుపుకోకపోతే అవతలివాళ్ళు మొత్తం కలుపుకుంటారని..."

"మంచిపని చేసేవు," అన్నారు అత్తగారు. "బీడు పెడితే పాపం."

ఆమె మాకు అన్నం వండి, బాతుగుడ్ల పులుసు పెట్టింది. అత్తగారు కడుపునిండా తిన్నారు. పులుసు బాగుందని రెండుసార్లు అన్నారు. పచ్చగా ఉన్న ఆ పైరువైపు మాత్రం మళ్ళీ చూడలేదు. నాకు మాత్రం ఎవరైనా ఒకరు గట్టిగా అరిస్తే, పోట్లాడితే బాగుండుననిపించింది. అందరూ అంత మర్యాదగా ఉంటే ఏం చేయాలి? తిరుగు ప్రయాణంలో దోనెలో ఆవిడ నా భుజంమీద తలవాల్చి నిద్రపోయారు.

ఆ తర్వాత ఆవిడ తోట ఊసెత్తలేదు. నేను బడి నుంచి వచ్చేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉండేవారు. ఇప్పుడు నాకు సాయంత్రాలు మిగిలాయి. నడుం వాల్చేదాన్ని. నిద్ర మాత్రం పట్టేది కాదు. ఆవిడ కాళ్ళు మళ్ళీ బాగా నీరుపట్టాయి. డాక్టరమ్మగారు నన్ను కేకలేశారు, నడిపించడం ఎందుకు మానేశావని.

మండువేసవిలో ఒకనాడు బతిమాలి, చెయ్యిపట్టి లేవదీసి, మళ్ళీ కోటతోటకు తీసుకెళ్ళాను. ఎంత నెమ్మదిగా వెళ్ళామో, దారిలో ఎన్ని అరుగుల మీద కూర్చున్నామో. తీరా వెళ్తే కొలనులో నీళ్ళు లేవు. పూడిక తీయడానికి తూము ఎత్తేసి ఖాళీ చేశారు. నడుమ ఏనుగు పాదాల దాకా బయటపడి, నల్లటి బురదలో నిలబడి ఉంది. మట్టిగట్టు మీద, పైనుంచి కింది దాకా, అత్తగారి పుల్లలు. నీళ్ళ కింద ఉండి నల్లబడ్డాయి గాని చాలామటుకు గుచ్చినవి గుచ్చినట్టే వరసగా ఉన్నాయి. గట్టు దిగి, బురదలోకి ఏనుగుకేసి దారి చూపిస్తున్నాయి.

ఆవిడ వాటివంక చాలాసేపు చూశారు. అప్పుడే ఈల వినబడింది. మగవాళ్ళందరూ లేచి కంచెవైపు తిరిగారు. ఈల వేసిన తోటమాలీ తిరిగాడు. కారు కోట గేటు దగ్గర బయలుదేరుతున్న చప్పుడు. నేను అటు చూసి ఇటు తిరిగేసరికి అత్తగారు పక్కన లేరు. కర్ర బల్లకు ఆనించి ఉంది. ఆవిడ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, పుల్లల వెంబడే గట్టు దిగి, బురదలోకి పోతున్నారు.

"అత్తయ్యగారూ! డాక్టరమ్మగారు ఏం చెప్పారండీ!"

ఆవిడ వెనక్కి చూడలేదు. పుల్లల వరస ఆగినచోట ఆగారు. పిక్కల దాకా బురద. నిటారుగా నిలబడి, రెండు చేతులూ పక్కలకు వదిలేసి, ఎదురుగా చూడసాగారు. తెరలు కట్టిన కారు కొలను పక్కనుంచి మెల్లగా పోయింది. తెర కొంచెం తొలగినట్టనిపించింది. రెండో ఈల వేయవలసింది తోటమాలి. అతను తిరిగి చూస్తే కేకలు పెడతాడు. నేను చెప్పులు విడిచి, చీర ఎగదోపుకుని, ఆ బురదలోకి దిగాను. చల్లగా ఉంది. పగలంతా నిలబడి నిలబడి మండుతున్న అరికాళ్ళకు ప్రాణం లేచొచ్చింది.

చెయ్యి పట్టుకుని పైకి తీసుకొద్దామని దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నన్ను చూసి కొంచెం జరిగి చోటిచ్చారు.

"అటు కాదమ్మాయ్, ఇటొచ్చి నిలబడు. అక్కడ గట్టొస్తుంది."

నేను ఇటు వచ్చి నిలబడ్డాను.